చెయ్యి లేని కార్డ్‌లు: కోడ్‌తో సంగీతం చేస్తున్న విద్యార్థికి జవాబు

ప్రశ్న: సార్, నమస్తే. మాది పరకాల దగ్గర ఒక పల్లె. ఇప్పుడు హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా సోనిక్ పై అనే సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసి సంగీతం చేయడం అలవాటైంది. సి మేజర్, ఏ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్ అనే నాలుగు కార్డ్‌లను (కలిపి మోగించే స్వరాల గుంపులను), ఒక్కొక్కటి నాలుగు బీట్ల చొప్పున, నిమిషానికి 90 బీట్ల వేగంతో లూప్‌లో తిప్పుతున్నాను. కార్డ్ ఫంక్షన్ ఇచ్చిన స్వరాలను ఉన్నవి ఉన్నట్టే వాయిస్తే, భజనల్లో హార్మోనియం వాయించే మా తాత విని, "స్వరాలు మంచిగనే ఉన్నయి బిడ్డా, చెయ్యే లేదు" అన్నాడు. అప్పుడు ప్రతి స్వరమూ తర్వాతి కార్డ్‌లో తనకు అతి దగ్గరగా ఉన్న స్వరానికి పోయేలా ఒక ఫంక్షన్ రాశాను. మొదటి చుట్టు బాగుంది, రెండో చుట్టు నుంచి సి మేజర్ బోలుగా వినిపిస్తోంది. దాన్ని మార్చి, అన్ని అమరికలనూ పోల్చి, కదలికల వర్గాల (స్క్వేర్ల) మొత్తం తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకునేలా రాశాను. బోలుతనం పోయింది గానీ, కార్డ్‌లు మెల్లగా పైకి ఎక్కుతూ రెండు నిమిషాలకు కీచుమంటున్నాయి. ఇలాంటిదే, జావాస్క్రిప్ట్‌లో నడిచే స్ట్రూడెల్‌కు మారితే ఈ పని అదే చేసుకుంటుందని మిత్రులు అంటున్నారు, మారాలా? ఇంకొక సందేహం: కాలేజీ వార్షికోత్సవంలో పెద్ద స్పీకర్ల మీద పెట్టినప్పుడు కింది స్థాయి కార్డ్‌లన్నీ ముద్దగా వినిపించాయి, ఎందుకు?

జవాబు: మీ తాతగారు ఒక్క మాటలో తేల్చిన సంగతినే నేను ఇన్ని పేరాల్లో చెప్పవలసి వస్తోంది. హార్మోనియం వాయించేవారి చేతిని ఒకసారి గమనించండి. మూడు మెట్ల మీద మూడు వేళ్లు ఉన్నప్పుడు తర్వాతి స్వరాల గుంపుకు వెళ్లవలసి వస్తే, ఆ గుంపులో కూడా ఉన్న మెట్టు మీది వేలు అక్కడే ఉండిపోతుంది, మిగిలిన వేళ్లు పక్క మెట్టుకో దాని పక్క మెట్టుకో జరుగుతాయి. దీన్ని ఎవరూ పాఠంగా చెప్పరు, చెయ్యే నేర్చుకుంటుంది. మీ కోడ్‌లోని కార్డ్ ఫంక్షన్‌కు ఆ చెయ్యి లేదు. మూల స్వరం ఏదో చెబితే దానికి 0, 4, 7 మెట్లు కలిపి మేజర్‌నూ, 0, 3, 7 కలిపి మైనర్‌నూ ఇస్తుంది. అంతకుముందు తాను ఏమి ఇచ్చిందో దానికి తెలియదు, తెలుసుకునే ఏర్పాటు కూడా లేదు. అందువల్ల ప్రతి కార్డూ చేతిని పూర్తిగా ఎత్తి మరోచోట వేసినట్టు వస్తుంది. మీరు రాసిన రెండు ఫంక్షన్లూ ఆ చేతిని తయారుచేయాలనే ప్రయత్నాలే. రెండూ సరైన దారిలోనే ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో చోట తప్పింది. ఆ తప్పులు ఏమిటో లెక్క కట్టి చూడవచ్చు కాబట్టి చూద్దాం.

ముందు భాష కుదుర్చుకుందాం. మన సంగీతంలో కార్డ్ లేదు. అయినా సి అనే స్వరాన్ని సగా పెట్టుకుంటే మీ నాలుగు కార్డ్‌లలోని స్వరాలన్నీ శంకరాభరణంలోనివే అవుతాయి, కనుక పాడి చూసుకోవడానికి వీలుగా సరిగమల్లోనూ, కోడ్‌కు వీలుగా మిడి సంఖ్యల్లోనూ (కంప్యూటర్ ప్రతి స్వరానికీ ఇచ్చే అంకెల్లోనూ) చెబుతాను. మధ్య స్థాయి స 60, రి 62, గ 64, మ 65, ప 67, ద 69, ని 71. ఒక సంఖ్య తేడా అంటే హార్మోనియం మీద పక్క మెట్టు, అది నలుపైనా తెలుపైనా సరే, 12 తేడా అంటే ఒక స్థాయి. ఇంగ్లిష్ అక్షరం పక్కన స్థాయి అంకె వేసి చెప్పే పద్ధతిని నేను వాడటం లేదు, ఎందుకంటే ఇదే 60ని కొన్ని సాఫ్ట్‌వేర్లు సి నాలుగు అనీ మరికొన్ని సి మూడు అనీ పిలుస్తాయి, ఆ గందరగోళంలో నేనే ఒకసారి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఫంక్షన్ ఇచ్చిన స్వరాలను అలాగే వాయిస్తే మీ చుట్టు ఇలా నడుస్తుంది: సి మేజర్ 60, 64, 67, ఏ మైనర్ 57, 60, 64, ఎఫ్ మేజర్ 53, 57, 60, జి మేజర్ 55, 59, 62, మళ్లీ సి మేజర్. ఒక కార్డ్ నుంచి ఇంకొక కార్డ్‌కు మూడు గొంతులూ కలిసి ఎన్ని మెట్లు కదిలాయో కూడితే వరుసగా 10, 11, 6, 15, అంటే చుట్టుకు 42 మెట్లు. ఏ మైనర్‌ను పైస్థాయిలో పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. ఇప్పుడు అవే నాలుగు కార్డ్‌లను ఇలా అమర్చండి: 60, 64, 67 తర్వాత 60, 64, 69, ఆ తర్వాత 60, 65, 69, తర్వాత 59, 62, 67, మళ్లీ మొదటికి. సరిగమల్లో చెప్పాలంటే స గ ప, స గ ద, స మ ద, కింది ని రి ప. కదలికలు వరుసగా 2, 1, 6, 3, మొత్తం 12 మెట్లు. కార్డ్‌లు మారలేదు, స్వరాల పేర్లు మారలేదు, ఏ స్వరం ఏ స్థాయిలో ఏ వరుసలో ఉండాలన్నదే మారింది. ఆ అమరికను వాయిసింగ్ అంటారు, ఒక అమరిక నుంచి ఇంకొక అమరికకు గొంతులు నడిచే తీరును వాయిస్ లీడింగ్ అంటారు.

గొంతు అనే మాటను నేను కావాలనే వాడుతున్నాను. ఈ విద్య పాశ్చాత్య దేశాల్లో కీబోర్డ్ మీద కాక, నలుగురు కలిసి పాడే చోట పుట్టింది. పాడే మనిషికి తన వరుస మాత్రమే తెలుసు, పక్కవాడు పాడేది కార్డ్‌లో ఎన్నో స్వరమో అతనికి పట్టదు; తన వరుస పాడదగినదిగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద జంపఖానా నేస్తున్నప్పుడు పైన డిజైన్ ఎన్నిసార్లు మారినా పడుగు పోగు మొదటినుంచి చివరిదాకా తెగకుండా సాగుతుంది కదా, కార్డ్‌లు మారుతున్నప్పుడు గొంతు సాగవలసింది అలాగే. అందువల్ల కోడ్‌లో కార్డ్‌ను ఒక వస్తువుగా కాక మూడు గొంతులు ఆ క్షణంలో నిలబడిన చోట్లుగా చూడండి. మీ సమస్యల్లో సగం ఆ ఒక్క మార్పుతో అర్థమవుతాయి.

మొదటి ఫంక్షన్‌లో ఏమి జరిగిందో చూద్దాం. ప్రతి గొంతునూ విడిగా పిలిచి, నీకు దగ్గరి స్వరానికి పో అన్నారు. సి మేజర్ నుంచి ఏ మైనర్‌కు, అక్కడినుంచి ఎఫ్ మేజర్‌కు అది పైన చెప్పిన అమరికనే ఇస్తుంది, అందుకే మీకు మొదటి చుట్టు బాగా వినిపించింది. చిక్కు ఎఫ్ మేజర్ నుంచి జి మేజర్‌కు వచ్చేటప్పుడు మొదలవుతుంది. గొంతులు 60, 65, 69 మీద ఉన్నాయి. స మీది గొంతుకు దగ్గరి స్వరం కింది ని, ఒక్క మెట్టు, అది 59కి పోయింది. మ మీది గొంతుకు రి మూడు మెట్ల దూరం, ప రెండే మెట్లు, అందువల్ల అది 67కు పోయింది. ద మీది గొంతుకు కింద ప, పైన ని, రెండూ రెండేసి మెట్ల దూరంలో ఉన్నాయి. కిందిది ఎంచుకుంటే 59, 67, 67. పైది ఎంచుకుంటే 59, 67, 71. ఏది ఎంచుకున్నా ఒక సంగతి గమనించండి: రి మీదికి ఎవరూ పోలేదు. ప్రతి గొంతూ తన దారి తాను చూసుకుంది, అందరూ కలిసి జి మేజర్‌ను పూర్తి చేయాలన్న బాధ్యత ఎవరికీ లేదు.

రి లేని జి మేజర్ చెవికి పెద్దగా తెలియదు, ప, ని ఉన్నాయి కాబట్టి అది మేజర్ అని తెలుస్తూనే ఉంటుంది. దెబ్బ తర్వాతి అడుగులో పడుతుంది. 59, 67, 67 నుంచి సి మేజర్‌కు వస్తే 60, 67, 67. 59, 67, 71 నుంచి వస్తే 60, 67, 72. రెండింటిలోనూ స, ప మాత్రమే ఉన్నాయి, గ లేదు. మేజర్‌కూ మైనర్‌కూ తేడా చెప్పేది ఆ గాంధారమే. అది లేకపోతే మిగిలేది గిటార్ వాయించేవాళ్లు పవర్ కార్డ్ అనే బోలు శబ్దం. మీ చెవి సరిగానే పట్టింది. పైగా రెండు గొంతులు ఒకే స్వరం మీద ఒకసారి కలిశాయంటే ఇక విడిపోవు: ఒకే చోటినుంచి బయలుదేరిన రెండింటికీ ఒకే నియమం ఒకే జవాబు ఇస్తుంది. ఆ లూప్‌ను రాత్రంతా తిప్పినా గాంధారం తిరిగి రాదు.

రెండో ఫంక్షన్‌లో మీరు చేసిన దిద్దుబాటు సరైనదే. తర్వాతి కార్డ్‌లోని మూడు స్వరాలను మూడు గొంతులకు పంచే మార్గాలు ఆరు, నాలుగు స్వరాలైతే 24. ప్రతి పంపకంలోనూ ప్రతి స్వరం ఎవరో ఒకరికి తప్పనిసరిగా వస్తుంది కాబట్టి ఏదీ తప్పిపోదు. ఆ ఆరింటిలో ప్రతి గొంతుకూ తనకు వచ్చిన స్వరం దగ్గరి స్థాయిలో ఎక్కడుందో చూడాలి. చేరవలసిన స్వరంలోంచి ఉన్న స్వరాన్ని తీసివేసి, 12తో భాగించి శేషం తీసుకోండి, శేషం 6 దాటితే దానిలోంచి 12 తీసేయండి, మిగిలినదే కదలిక. సోనిక్ పై రూబీ భాష మీద నడుస్తుంది, రూబీలో రుణసంఖ్యను 12తో భాగించినా శేషం ధనసంఖ్యగానే వస్తుంది కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. జావాస్క్రిప్ట్‌లో కుదరదు. 60 నుంచి రికి, అంటే స్థాయి లెక్క లేకుండా 2కు, తేడా −58. రూబీ శేషం 2 అంటుంది, గొంతు 62కు పోతుంది. జావాస్క్రిప్ట్ −10 అంటుంది, గొంతు 50కి పడిపోతుంది. స్ట్రూడెల్‌లో మీ సొంత ఫంక్షన్ రాసుకునే రోజు వస్తే, శేషానికి 12 కలిపి మళ్లీ శేషం తీసుకోవాలని గుర్తుంచుకోండి.

ఇక కార్డ్‌లు పైకి ఎక్కడం. ఇది నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన తప్పు. పెద్ద గెంతులకు ఎక్కువ శిక్ష పడాలని మీరు కదలికలను వర్గం చేశారు, ఆలోచన న్యాయమైనదే. కానీ ఎఫ్ మేజర్ నుంచి జి మేజర్‌కు ఉన్న రెండు మంచి దారులను పోల్చండి. 60, 65, 69 నుంచి కిందికి దిగితే 59, 62, 67: కదలికలు 1, 3, 2. పైకి ఎక్కితే 62, 67, 71: కదలికలు 2, 2, 2. మామూలుగా కూడితే రెండూ 6, సమానం. వర్గాలు కూడితే కిందికి 14, పైకి 12. మీ ఫంక్షన్ ప్రతిసారీ పైకి ఎక్కడాన్నే ఎంచుకుంటుంది. జి మేజర్ 62, 67, 71 మీద ఉంటే దగ్గరి సి మేజర్ 64, 67, 72, అంటే మీరు బయలుదేరిన అమరిక కాదు, దానికంటే ఒక ఇన్వర్షన్ పైన, అంటే అడుగు స్వరం ఒక స్థాయి ఎక్కి పైకి చేరిన అమరిక. రెండో చుట్టులోనూ అదే కథ, 14కు 12, మళ్లీ ఒక ఇన్వర్షన్ పైకి. మూడో చుట్టు ముగిసేసరికి 72, 76, 79, సరిగ్గా ఒక స్థాయి ఎక్కారు. మీ వేగంలో ఒక చుట్టు 16 బీట్లు, మూడు చుట్లు 32 సెకన్లు. 12 చుట్లకు, అంటే 2 నిమిషాల 8 సెకన్లకు, మీ స 60 నుంచి 108కి చేరుతుంది, అది పియానో కుడివైపు చిట్టచివరి మెట్టు. రెండు నిమిషాలకు కీచుమంటున్నాయని మీరు రాసినది చదివి ఈ లెక్క కట్టుకున్నాను. కోడ్ చూడకుండానే వర్గాల మీద అనుమానం వచ్చింది గానీ, మీరే ఆ మాట కూడా రాసి నా పని తేలిక చేశారు.

వర్గం తీసేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. మామూలు మొత్తంలో రెండు దారులూ 6 కాబట్టి, సమానమైనప్పుడు ముందుగా దొరికినదాన్ని పట్టుకునే అలవాటున్న ఫంక్షన్ ఆ క్రమాన్ని బట్టి ఎటైనా పోవచ్చు; మీ అదృష్టం కొద్దీ కిందికి పోతే బాగుంటుంది, అంతే. ఇక్కడ పాత నియమం ఒకటి పనికొస్తుంది. బేస్, అంటే అన్నిటికంటే కింద మోగే గొంతు, ఒక అడుగు పైకి వేస్తే పై గొంతులు కిందికి నడవాలి అంటారు. మీ బేస్ 48, 45, 41, 43 మీద, అంటే స, కింది ద, మ, ప మీద నడుస్తోంది అనుకుందాం. మ నుంచి పకు బేస్ పైకి ఎక్కేటప్పుడు పై గొంతులు కూడా పైకే ఎక్కితే, పైన మ మీదున్న గొంతు బేస్‌తో పాటు పకు పోతుంది, స మీదున్నది రికి పోతుంది. బేస్‌కూ ఆ గొంతులకూ మధ్య దూరం ఒక స్థాయి ఉన్నది స్థాయిగానే, పంచమం ఉన్నది పంచమంగానే మిగులుతుంది. అలా జంటగా నడిచే రెండు గొంతులను చెవి ఒకే గొంతుగా వింటుంది, నాలుగు గొంతులు పెట్టుకుని రెండింటిని పోగొట్టుకున్నట్టు అవుతుంది. కిందికి దిగే దారిలో ఈ తంటా లేదు.

అయితే ఇప్పుడే మొదలుపెట్టినవారికి ఈ నియమాలన్నిటినీ ఫంక్షన్‌లో కూర్చమని నేను చెప్పను. నేను వాడేది ఇంతకంటే సాదా పద్ధతి: కదలికల మొత్తానికి, కొత్త అమరిక సగటు 64 నుంచి ఎంత దూరంగా ఉందో దానిలో పదో వంతు కలుపుతాను. 59, 62, 67ల సగటు 62.67, దూరం 1.33, 62, 67, 71ల సగటు 66.67, దూరం 2.67. మొత్తాలు 6.13, 6.27 అవుతాయి, కిందిదే గెలుస్తుంది. ఆ పదో వంతు చాలా చిన్నది కాబట్టి గొంతుల నడకను చెడగొట్టదు, సమానమైన చోట మాత్రం ఇంటివైపు లాగుతుంది. పదో వంతుకు బదులు అందులో సగం దూరాన్ని కలిపితే, అంటే 0.1 బదులు 0.5 పెడితే, ఏమవుతుందో మీరే విని చూడండి. కార్డ్‌లు తాడు కట్టిన దూడల్లా ఒకే చోట మసలడం మొదలుపెడతాయి.

దీనికంతటికీ వెనకటి కార్డ్ గుర్తుండాలి కదా, దాన్ని ఎక్కడ దాచాలి? సోనిక్ పైలో లైవ్ లూప్‌కు ఒక సౌకర్యం ఉంది: ఒక చుట్టు చివర వచ్చిన విలువను అది తర్వాతి చుట్టుకు తానే అందిస్తుంది, మొదటి చుట్టుకు మాత్రం మీరు ఒక ప్రారంభ విలువ ఇవ్వాలి. మూడు గొంతుల జాబితాను అలా చేతినుంచి చేతికి అందించండి. ఒక జాగ్రత్త: ఆ జాబితాను ఎక్కడా చిన్నదినుంచి పెద్దదికి సార్ట్ చేయకండి. మొదటి గొంతు ఎప్పుడూ మొదటి గొంతే. ఒకచోట రెండో గొంతును దాటినా దాని పేరు మారకూడదు.

స్ట్రూడెల్‌కు మారాలా అన్నారు. అందులో వాయిసింగ్ ఫంక్షన్ ఉన్న మాట నిజమే, బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది చేసే పని మీరు చేస్తున్న పని కాదు. అలెక్స్ మెక్‌లీన్ హాస్కెల్ భాషలో కట్టిన టైడల్ సైకిల్స్ అనే ఇలాంటి సాధనాన్ని జావాస్క్రిప్ట్‌లోకి తెస్తే వచ్చినది స్ట్రూడెల్. ఆ రెండింటిలోనూ సంగీతం అంటే కాలాన్ని ఇస్తే స్వరాన్ని ఇచ్చే ఫంక్షన్. వందో చుట్టులో ఏముందని అడిగితే మొదటి తొంభైతొమ్మిదినీ వాయించకుండానే చెప్పగలగాలి. అలాంటి చోట వెనకటి కార్డ్‌ను గుర్తుపెట్టుకోవడం ఇమడదు. అందుకని అది ఒక గుంజ పాతుతుంది: ఫలానా స్వరాన్ని దాటకుండా, దానికి వీలైనంత దగ్గరగా పై గొంతు ఉండే అమరికను ప్రతి కార్డ్‌కూ విడివిడిగా ఎంచుకుంటుంది. చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో చూడదు, చెయ్యి ఆడే చోటికి ఒక పైకప్పు వేస్తుంది.

ఇంత మొరటు పద్ధతి ఏమి ఇస్తుందని మీరు అనుకోవచ్చు. మీ నాలుగు కార్డ్‌లకే కప్పును 69 దగ్గర వేసి చూడండి. సి మేజర్‌లో 69 దాటని పై స్వరం 67, అమరిక 60, 64, 67. ఏ మైనర్‌లో 69, అమరిక 60, 64, 69. ఎఫ్ మేజర్‌లోనూ 69, అమరిక 60, 65, 69. జి మేజర్‌లో 67, అమరిక 59, 62, 67. జ్ఞాపకమే లేని పద్ధతి మనం ఇంత లెక్క చేసి సాధించిన 12 మెట్ల నడకనే ఇచ్చింది! పైకి ఎక్కే ప్రమాదం అసలే లేదు, ఎందుకంటే ఎక్కడానికి దానికి నిన్న అనేది లేదు. కానీ కప్పును ఒక్క మెట్టు దించి 68 దగ్గర వేస్తే చుట్టుకు 20 మెట్లు అవుతాయి, 71 దగ్గర వేస్తే 18, 72 దగ్గర వేస్తే మళ్లీ 12. ఏ కప్పు కింద మీ కార్డ్‌లు సుఖంగా నడుస్తాయో వెతుక్కోవలసిన బాధ్యత మీదే. నా సలహా ఏమిటంటే, మీ ఫంక్షన్ పూర్తయ్యేదాకా సోనిక్ పైలోనే ఉండండి. గొంతుల నడక చెవికి ఎక్కాక ఎటు మారినా నష్టం లేదు.

నునుపైన నడకే ఎప్పుడూ మంచిదని కూడా అనుకోకండి. మొత్తం కార్డ్‌ను ఒకే ముద్దగా పైకీ కిందికీ జరపడం కూడా ఒక శైలి. శాంప్లర్ యంత్రాల్లో ఒకే కార్డ్‌ను రికార్డు చేసుకుని వేర్వేరు మెట్ల మీద వాయిస్తే గొంతులన్నీ సమాంతరంగానే కదులుతాయి, హౌస్ అనే డాన్స్ సంగీతం ఆ శబ్దాన్నే ముద్రగా చేసుకుంది. తీన్‌మార్ దరువు మీద కార్డ్‌ను దెబ్బలా వేయాలనుకుంటే నేనైతే మీ మొదటి 42 మెట్ల అమరికనే వాడతాను, అక్కడ నునుపు చేస్తే దెబ్బ చల్లబడుతుంది. నిలకడగా సాగే స్వరాల కింద, పాట వెనక, మాటల వెనక మాత్రం 12 మెట్ల నడక కావాలి.

పెద్ద స్పీకర్ల ముద్ద సంగతి చిన్నదే గానీ చాలామంది తప్పు పరికరాల మీద వేస్తారు. మీరు ఎడమచేతి కార్డ్‌ను రెండు స్థాయిలు దించి వేశారనుకుంటాను. స 36 దగ్గర దాని పౌనఃపున్యం 65.4 హెర్ట్జ్, పక్కనున్న గ, అంటే 40, 82.4 హెర్ట్జ్. తేడా 17. అంత కింద అంత దగ్గరగా ఉన్న రెండు స్వరాలను చెవి విడదీసి వినలేదు, సెకనుకు 17 సార్లు కొట్టుకునే గరగరగా వింటుంది. అవే స్వరాలు 60, 64 మీద ఉంటే 261.6, 329.6 హెర్ట్జ్, తేడా 68, శుభ్రంగా వినిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లోని చిన్న స్పీకర్లు ఆ కింది స్వరాలను దాదాపుగా పలకవు కాబట్టి హాస్టల్ గదిలో మీకు తప్పు తెలియలేదు, పెద్ద పెట్టెలు ఉన్నదంతా బయటపెట్టాయి. 48కి కింద మూల స్వరం ఒక్కటే ఉంచండి, మరీ అవసరమైతే దానికి పంచమం కలపండి, గాంధారాన్ని అక్కడికి రానివ్వకండి. స్వరంలోని ఉపస్వరాలు కూడా ఈ పద్ధతిలోనే పేరుకుంటాయి: 36 మీద స మోగితే దాని ఉపస్వరాలు దాదాపుగా 48, 55, 60, 64, 67 దగ్గర పడతాయి, కింద ఎడంగా, పైన దగ్గరదగ్గరగా. మంచి శ్రుతిలో ఉన్న తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం వినిపించేది ఇందువల్లే. చివరి మూడింటిని చూడండి, మీ సి మేజర్ అమరిక అదే.

కార్డ్‌లలో నాలుగో స్వరం చేర్చే ఆలోచన మీకు త్వరలో వస్తుంది, అప్పటికి ఒక మాట. రి మ ద స, ఆ తర్వాత ప ని రి మ, ఆ తర్వాత స గ ప ని అనే మూడు కార్డ్‌ల వరుసలో నడకలోని అసలు సంగతి రెండు గొంతుల చేతిలో ఉంటుంది. మొదటి కార్డ్‌లోని స ఒక్క మెట్టు దిగి ని అవుతుంది, మ కదలదు. తర్వాత ఆ మ ఒక్క మెట్టు దిగి గ అవుతుంది, ని కదలదు. 62, 65, 69, 72 నుంచి 62, 65, 67, 71కి, అక్కడినుంచి 60, 64, 67, 71కి. మీ ఫంక్షన్ ఈ మూడు వరుసలనే ఇస్తే సరిగ్గా రాశారని అర్థం. ఇలాంటి వరుసల్లో గొంతులు ఎప్పుడూ కిందికే దిగుతాయి కనుక, ఇంటివైపు లాగే ఆ పదో వంతు లేకపోతే ఈసారి కార్డ్‌లు పైకి కాక నేలమాళిగలోకి పోతాయి.

చివరగా, సంఖ్యలను వదిలి చెవితో సరిచూసుకునే పద్ధతి. మూడు గొంతులను మూడు వేర్వేరు స్వరాలుగా మోగించి, ప్రతి దానికీ ఎక్కువసేపు నిలిచే సింథ్ శబ్దం ఇచ్చి, కొత్త కార్డ్ వచ్చినప్పుడు మళ్లీ మీటకుండా కంట్రోల్ అనే ఆజ్ఞతో స్వరాన్ని మార్చండి, స్లైడ్ సమయం ఐదో వంతు బీటు చాలు. మారని గొంతు కదలకుండా నిలబడటం, మారిన గొంతు జారడం అప్పుడు విడివిడిగా వినిపిస్తాయి. పియానో సింథ్‌లో ఈ జారుడు రాదు. ఆ తర్వాత ఒక్కొక్క గొంతునూ విడిగా వినండి. కిందిది స స స ని, పైది ప ద ద ప, మధ్యది గ గ మ రి. మూడూ పాడదగినవే, కానీ మధ్య గొంతునే ఎవరూ పట్టించుకోరు, తప్పులు దాక్కునేది కూడా అక్కడే. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఆ మధ్య గొంతును కోడ్‌లో ఆపేసి, మిగిలిన రెండింటినీ బేస్‌తో కలిపి ల్యాప్‌టాప్‌లో వాయించి, గ గ మ రిని మాత్రం తాతగారిని హార్మోనియం మీద పట్టమనండి. ఒక్కో స్వరం నాలుగు బీట్లు.